బొట్టు పెట్టిన కార్డు

అక్టోబరులో ఇంటి హీటర్ ఆ ఏడాదికి మొదటిసారి వేసినప్పుడు గొట్టాల్లోంచి కాలిన దుమ్ము వాసన వస్తుంది. డెట్రాయిట్ పక్కన మా నోవైలో ఉండే అందరికీ తెలిసిన వాసనే, కాసేపట్లో పోతుంది కూడా. నేను మాత్రం చేస్తున్న పని ఆపేస్తాను. ఒకప్పుడు ఆ వాసన వచ్చిందంటే పక్కింటి హెలెన్ చలికాలానికి ఫ్లోరిడా బయలుదేరే రోజులు దగ్గరపడ్డాయని అర్థం. ఇప్పుడు ఆవిడ లేదు, ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉంటున్నారు. అయినా ఈ ఉదయం హీటర్ వేయగానే నా చూపు ఆవిడ గరాజ్ వైపే వెళ్లింది.

హెలెన్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మేం ఈ ఇంట్లో దిగిన ఏడు, ఆవిడ ఫ్లోరిడా వెళ్లకముందే ఒక ఉదయం, నేను కారు అద్దం మీది మంచుని స్టీలు అట్లకాడతో గీకుతుంటే గబగబా వచ్చి అట్లకాడ లాక్కుంది. తన స్క్రేపర్ తెచ్చి అద్దమంతా శుభ్రం చేసి, టార్చి ఏటవాలుగా పట్టి చూసింది. "ఇదిగో, ఇక్కడ గీత పడింది. రోజూ నీకు కనిపిస్తూనే ఉంటుంది," అంది. నా మొహం చూసి, "అద్దం మాత్రం మంచిదే, సుధా," అని కూడా అంది. ఆ మాట నాకప్పుడు చెవికెక్కలేదు. అట్లకాడ తిరిగి ఇస్తుందా లేదా అన్నదే నా దిగులు.

ఆవిడ లోకమంతా ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసి అమ్మే బేస్‌బాల్ కార్డులు. అన్నీ కాదు, తన చిన్నప్పుడు డెట్రాయిట్‌లో ఆడిన ఒకే ఒక్క ఆటగాడివి. నాకు క్రికెట్టే సరిగ్గా తలకెక్కదు, బేస్‌బాల్ సంగతి అడగక్కర్లేదు. కానీ ఆ కార్డుల్ని ఆవిడ చూసే తీరు చూడటం నాకిష్టం. చేతులు కడుక్కుని, పూర్తిగా ఆరేదాకా ఆగి, అంచులు మాత్రమే పట్టుకునేది. టేబుల్ లైటు కింద కార్డుని అటూ ఇటూ వాల్చి ముందు మూలలు చూసేది. తర్వాత చుట్టూ ఉన్న తెల్లటి అంచు నాలుగు వైపులా సమానంగా ఉందా, ఆ తర్వాత పైన మెరుపు. మనిషి మొహం ఆఖర్న. "మొహం ముందు చూస్తే ప్రేమలో పడిపోతాం, ఇంకేదీ కనపడదు," అనేది. నేను కారు సీట్ల కంపెనీలో క్వాలిటీ చూసేదాన్ని. ఆఫీసులో కుట్లు చూసేటప్పుడు తెలియకుండానే నేనూ మూలలనుంచి మొదలుపెట్టడం ఆవిడ చలవే.

ఆ కార్డుల్లో ఒకటి ఆవిడకి ప్రాణం. ఆ ఆటగాడి మొదటి ఏడాది కార్డు. ఆ కాలపు పిల్లలు కార్డుల్ని జేబుల్లో కుక్కారు, రబ్బరు బ్యాండ్లు చుట్టారు, సైకిలు చక్రాలకి తగిలించి టపటపలాడించారు. అందుకే నలగని కార్డుకి అంత విలువ. ఇది ఎంత నీటుగా ఉందంటే, అరిగిన అంచుల్ని ఎవరో కత్తిరించి కొత్తగా చేశారని అందరికీ అనుమానం. కార్డుల సంతలో ఒక్కొక్కరే చేతిలోకి తీసుకుని నవ్వి పెట్టేస్తే, ఈవిడ కొంది. "ఆ సంతల్లో అందరూ మగవాళ్లే. మీ ఆయన ఏ కార్డు తెమ్మన్నాడు అని అడిగేవాళ్లు నన్ను," అని ఒకసారి చెప్పింది. అసలుదో, కత్తిరించిందో తేల్చి, అసలుదైతేనే పదికి ఇన్ని అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే గ్రేడింగ్ కంపెనీలున్నాయి. ఏళ్ల తరబడి ఆవిడ పంపలేదు. ఎందుకని అడిగితే, "కాదంటే?" అంది, అంతే. ఒక ఏడాది మాత్రం, ఫ్లోరిడా నుంచి రాగానే పంపేస్తానని తీర్మానించుకుంది. డబ్బు కోసం కాదు. తన కన్ను తప్పు చూడలేదని ఒక్కసారి వినాలని.

ఖాళీ ఇంట్లో చలికి నీళ్ల పైపులు పగిలి తడవొచ్చని ఆ కార్డుని నా చేతిలో పెట్టి వెళ్లింది. అప్పుడు మా అమ్మ నల్లగొండ నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆ ఏడు దసరా అక్టోబరు చివర్లో వచ్చింది. ఆ రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయుధపూజ అయిపోయింది. స్పేర్ కారు తాళాలు, మిక్సీ, కత్తిపీట లేదు కనక కూరగాయల కత్తి, వాటి పక్కనే ఆ కార్డు. మెత్తటి ప్లాస్టిక్ కవరు పక్కన మడిచి పెట్టి ఉంది. బొమ్మలో ఆటగాడి టోపీ అంచుకి కింద, రెండు కనుబొమల మధ్య, తడి కుంకుమతో బొట్టు.

"అమ్మా, కవర్లకెల్లి ఎందుకు తీసినవ్?"

"కవరుకు పెడితె దానికి పెట్టినట్టైతదా?" అంది అమ్మ, అమాయకంగా. "ఆమె అంత పైలంగ దాయమని ఇచ్చిపాయె. అన్నిటికి పెట్టి దానికొక్కదానికి పెట్టకుంటె ఎట్ల?"

తడి దూదితో అద్దితే పోతుందేమోనని దూది చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ ఏమనుకున్నానో, దూది పక్కన పెట్టి హెలెన్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ మొదట అడిగింది ఒకటే: "తుడిచావా?" లేదన్నాను. "తుడవకు. కాగితం లేచిపోతుంది." ఇక ఫోన్ పెట్టేస్తుందనుకుంటుండగా అడిగింది: "మధ్యలో ఉందా?"

నాకు అర్థం కాలేదు.

"ఆ బొట్టు. సరిగ్గా మధ్యలో ఉందా, పక్కకి పోయిందా?"

"మధ్యలోనే ఉంది," అన్నాను. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసి ఫోన్ పెట్టేసింది.

ఆ సంగతి తెలిశాక అమ్మ మా ఇంట్లో ఏ వస్తువూ అడక్కుండా ముట్టుకోలేదు. హెలెన్ తిరిగి రాకముందే, ఆ బాధతోనే ఇండియా వెళ్లిపోయింది. వసంతంలో హెలెన్ వచ్చి లైటు కింద కార్డు చూసింది. పర్వాలేదంటుందని ఎదురుచూశాను. అనలేదు. "నాకు కోపంగా ఉంది, సుధా. లేదంటే అబద్ధం. కొన్నాళ్లు నన్నొదిలెయ్," అంది. ఆ కొన్నాళ్లూ ఆవిడ తలుపు వైపు చూడకుండానే కారెక్కేదాన్ని. ఈ దేశంలో మా ఇంటి గడప దాటితే ఆవిడ తప్ప నా అనుకునే మనిషి ఇంకొకరు లేరని అప్పుడే తెలిసింది.

ఎండాకాలంలో ఒక సాయంత్రం తలుపు తట్టింది. చేతిలో సీలు చేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టె. ఆ మచ్చతోనే కార్డుని గ్రేడింగ్‌కి పంపిందట. పైన అతికించిన చీటీ మీద ఎనిమిది అని ఉంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో, మచ్చ ఉంది అని.

"చూశావా? మచ్చని మార్కులో కలపలేదు. కార్డు ఎంతదో అంత వేసి, మచ్చ సంగతి పక్కన రాశారు," అంది. తర్వాత వేలితో ఎనిమిది మీద కొట్టి చూపిస్తూ, "అంచులు ఎవరూ కోయలేదు," అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి. మచ్చ లేని ఎనిమిదికీ దీనికీ ధరలో చాలా తేడా ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "మార్కులు సరే. ఆమెకు కోపం తగ్గిందా?" అని అడిగింది. తగ్గిందన్నాను. "ఇగ డబ్బల పెట్టిన్రుగద, మంచిదైంది. నా అసొంటోళ్లు ముట్టకుంట," అంది. చాలా నెలల తర్వాత అమ్మ నవ్వగా విన్నాను.

ఇప్పుడు ఆఫీసులో నా కింద కొంతమంది పనిచేస్తున్నారు. ఏడాది చివర వాళ్ల పనికి మార్కులు వేస్తూ రివ్యూలు రాయాలి. కిందటేడు ఒకతని పొరపాటు వల్ల ఒక లోడు సీట్లు వెనక్కొచ్చాయి. అతని రివ్యూ తెరిస్తే ఏడాదంతా ఆ లోడే కనిపించింది. కాసేపు స్క్రీన్ మూసేసి, మళ్లీ తెరిచి, మిగతా ఏడాదికి ఎంత ఇవ్వాలో అంత ఇచ్చాను. లోడు సంగతి పక్కన రాశాను. దాచలేదు.

హెలెన్ పోయాక వాళ్ల చెల్లెలి కూతురు వచ్చి ఆ పెట్టె నా చేతిలో పెట్టింది. మిగతా కార్డులన్నీ అమ్మేయమందట, ఇది మాత్రం నాకిమ్మందట. చాలాకాలం దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ ఎర్రటి చుక్క తప్ప ఇంకేమీ కనపడేది కాదు. ఈ ఉదయం హీటర్ వాసన రాగానే ఆ పెట్టె బయటికి తీసి, చేతులు కడుక్కుని, ఆరేదాకా ఆగి, లైటు కింద వాల్చాను. ముందు మూలలు చూశాను. నాలుగూ పదునుగా ఉన్నాయి. అంచులు సమానంగా ఉన్నాయి, మెరుపు తగ్గలేదు. ఆఖర్న మొహం చూశాను. బొట్టు సరిగ్గా మధ్యలోనే ఉంది.