వాననీళ్లు మాత్రమే తాగే మొక్కలు

బడిలో కీటకాహార మొక్కల పాఠం పద్నాలుగేళ్లు చెప్పాను. ఒక్క మొక్కనూ కళ్లతో చూడకుండానే చెప్పాను. టీచర్లలో ఇది పెద్ద వింతేమీ కాదు, సముద్రం చూడనివాళ్లు సముద్రం గురించి చెప్పడం మాకు మామూలే. కానీ నాకే సిగ్గనిపించి ఒక వానాకాలం కొరియర్‌లో మూడు మొక్కలు తెప్పించాను. రెండేళ్లు తిరిగేసరికి ముప్పై దాటాయి. పిచ్చిని మొదలుపెట్టడం వరకే మన చేతిలో ఉంటుంది.

రామన్నపేటలో మా డాబా మీద ఇనుప పైపులు నిలబెట్టించి, పైన ప్లాస్టిక్ పట్టా, చుట్టూ పచ్చ నెట్టు కట్టించాను. ఎండలు ముదిరితే లోపల తడి గోనెసంచులు వేలాడదీసేదాన్ని. నోరు తెరుచుకుని కూర్చునే వీనస్ ఫ్లైట్రాప్‌లు, మూతలున్న కూజాల్లాంటి నెపంథిస్‌లు, ఆకుల మీద జిగురు బొట్లు మెరిసే డ్రాసిరాలు. పక్కింటి ఖాలా ఒకసారి పైకొచ్చి చూసి, "వీటికి కీమా పెడ్తవా, బొక్కలు గూడ ఏస్తవా బిడ్డా?" అని నవ్వి పోయింది.

కొన్నది నేనే గానీ సాకింది మా బాపు. ఊళ్లో ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగి ఎముకలు బిగుసుకుపోయిన మనిషి. మెడ తిరగదు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. నడుము వంగి సేద్యం వదిలేశాక నా దగ్గరికి వచ్చాడు. పని లేక, మంచం మీద గోడకేసి చూస్తూ ఉండేవాడు. ఆ కుండీలు వచ్చాక మనిషి మారాడు. మెట్ల మీద కూర్చుని, చేతులు ఆన్చి, ఒక్కో మెట్టే ఎక్కి పొద్దున్నే పైకి పోయేవాడు. "మట్టిల బలం లేకుంటె ఈగను వట్టుకోని బతుకుతాంది. మన అసొంటిదే బిడ్డా" అనేవాడు. ఆయనకు మిగిలిన చేను అదొక్కటే. అది నాకు తెలుసు.

ఈ మొక్కలకు ఉప్పు పడదు. బోరు నీళ్లే కాదు, నది నీళ్లలో కరిగి ఉండే కాస్త లవణం కూడా వేళ్లను మాడుస్తుంది. వాననీళ్లే పోయాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో కూర్చుని వాననీళ్లు తప్ప తాగని మొక్కలు పెంచానంటే నా తెలివి ఎంతో మీరే చూసుకోండి. డాబా మీద పడ్డ వానను రెండు నీలం డ్రమ్ముల్లో పట్టి, ఎండాకాలమంతా చెంబుతో కొలిచినట్టు పోసేవాళ్లం. ఆ నీళ్లు జూన్‌లో మిరుగం వానల దాకా వస్తే మొక్కలు దక్కినట్టు. డ్రమ్ముల మీద 'ఓన్లీ రెయిన్ వాటర్' అని ఇంగ్లిష్‌లో పెయింటుతో రాశాను. మా బాపుకు తెలుగు చదవడమే రాదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు మా ఇంటికి నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లతో. మొదటిరోజు బాపు గ్లాసెడు తాగి, ఇంకో గ్లాసెడు తాగి, "తియ్యగున్నయి. ఇన్నొద్దులకు" అని ఏడ్చాడు. అది మరిచిపోయే సంగతి కాదు. అయినా మరిచిపోయాను.

ఆ ఎండాకాలం పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దడానికి నల్లగొండ పోయి పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది. "డ్రమ్ముల నీళ్లు పొయ్యి బాపూ, కుండీల కింది పళ్లేలు ఎండనియ్యకు" అని మాత్రం చెప్పి బస్సెక్కాను. ఆ నీళ్లే ఎందుకో, వేరేవి పోస్తే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పినా ఆయనకు అర్థం కాదనుకున్నాను, అంతే.

తిరిగొచ్చేసరికి డ్రమ్ములు తళతళలాడుతున్నాయి. బాపు ముఖం కూడా.

"పురుగులు లుకలుకలాడుతున్నయి బిడ్డా. పాకురు వట్టి వాసనొస్తాంది. గసొంటి నీళ్లు పోస్తరా? అన్ని పారవోసి, తోమి, కృష్ణా నీళ్లు నింపిన."

ఆ నడుముతో డ్రమ్ములు వంచి, తోమి, కింది నుంచి పైపు లాక్కొచ్చాడు. డ్రాసిరాలు అప్పటికే నల్లబడిపోయాయి. మిగతావి అంచుల నుంచి మాడుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు.

"నీళ్లతోని గింత పాడైనంక గూడ నీకు తెలివి రాలేదా బాపూ?"

ఆయన ఒళ్లంతా తిప్పి నన్ను చూశాడు. గట్టిగా కూడా అనలేదు.

"బోరు నీళ్లు గిట్ల జేస్తయని గప్పుడు మాకెవ్వరు జెప్పలే. గీ నీళ్లు పడయని నువ్వన్న జెప్పకపోతివి."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బ్యాటరీల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు కొనుక్కొచ్చి కుండీలన్నీ కడిగాను. వారానికి ఐదారు చొప్పున పోయాయి. చివరికి ఒక ఫ్లైట్రాప్‌కు ఒక్క పచ్చ నోరు మిగిలింది. దాన్ని కిందికి తెచ్చి బాపు మంచం పక్కన పెట్టాను, క్షమించమని అడగడం చేతగాక. ఆయన దానివైపు తిరగలేదు. నాలుగు రోజులకు అదీ ఎండింది.

మిరుగం వానకు డ్రమ్ములు రెండూ నిండి పొర్లాయి. నేను కొత్త మొక్కలు తెప్పించలేదు, తెప్పించినా నీళ్లు పోసే మనిషి లేడు. బాపు మళ్లీ మెట్లెక్కలేదు. మంచం మీద గోడకేసి చూస్తూ ఉంటాడు.

నల్లా నీళ్లు గ్లాసులో పోసిస్తే ఇప్పటికీ వెంటనే తాగడు. గ్లాసు చేత్తో పట్టుకుని అడుగుతాడు.

"గివి తాగొచ్చునా బిడ్డా?"

తాగొచ్చు బాపూ అంటాను. నేను అనేదాకా గ్లాసు నోటి దగ్గరికి పోదు.