మా తోడల్లుడి తప్పిన లెక్క

మొన్న ఆదివారం పొద్దున పేపరులో జిల్లా పేజీ తిప్పుతూ ఉంటే మా తోడల్లుడి ఫోటో కనిపించింది. నెల్లూరులో ఏదో ఇంజనీరింగు కాలేజీవాళ్ళు పిలిచి, శాలువా కప్పి, రాబోయే రోజుల్లో దేశం ఎంత వేగంగా పెరగబోతోందో, ఆ పెరుగుదలకు ఎంత కరెంటు కావాలో ఆయన చేత చెప్పించుకున్నారట. తీరప్రాంత అభివృద్ధిని ఎంతో ముందుగా పసిగట్టిన నిపుణుడు అని ఫోటో కింద రాశారు. పేపరు మడిచి పక్కన పెట్టాను. కాఫీ తాగి మళ్ళీ తీశాను. ఈ వయసులో కూడా జుట్టు అంత ఒత్తుగా ఎట్లా ఉందబ్బా అని చూశాను, శాలువా ఖరీదైనదా మామూలుదా అని చూశాను, వెనక వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయేమోనని కూడా చూశాను. లేవు. వంటింట్లోంచి మా ఆవిడ, "మా మరిది ఫోటో వచ్చినాది, చూసినారా?" అని అడిగింది. ఇంకా ఆ పేజీకి రాలేదన్నాను.

మన ఈడువాళ్ళతో చెప్పుకుంటే తప్పులేదు కనుక చెబుతున్నాను. వయసు మీదపడితే అసూయ దానంతట అదే పోతుందని ఎవరో అంటే నమ్మి ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. పళ్ళు ఊడాయి, చూపు మందగించింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, అది మాత్రం పడుచువయసులో ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది.

నేను కోవూరు పక్క పల్లెలో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, ఇంజనీరింగు చదివి, కరెంటు ఆఫీసులో చేరాను. చేరిన కొన్నాళ్ళకే నన్ను అంచనాల సెక్షన్లో వేశారు. రాబోయే సంవత్సరాల్లో జిల్లాలో ఏ మూల ఎంత కరెంటు కావలసివస్తుందో ముందుగా లెక్కకట్టి పైకి పంపడం మా పని. ఆ లెక్కను బట్టే ఎక్కడ సబ్‌స్టేషన్ కట్టాలో, ఎటు లైను లాగాలో, సముద్రం ఒడ్డున ఎప్పటికైనా కరెంటు తయారుచేసే పెద్ద స్టేషన్ అవసరమో కాదో పెద్దవాళ్ళు తేల్చేవాళ్ళు. దేశం ఇంత పెరుగుతుందని ఢిల్లీలో అనుకుంటే, ఆ పెరుగుదల మన ఊళ్ళలో ఏ మోటారు రూపంలో, ఏ మిల్లు రూపంలో వస్తుందో మేము ఇక్కడ కూర్చుని చెప్పాలన్నమాట.

నా పద్ధతి నాకుండేది. వెనకటి సంవత్సరాల వాడకం దగ్గర పెట్టుకుని, బియ్యం మిల్లులకు వెళ్ళి అడిగి, కొత్తగా బోర్లు వేసిన రైతులను విచారించి, వానలు ఎట్లా ఉన్నాయో చూసుకుని, చివరికి ఒక అంకె వేసేవాణ్ణి. వేశాక మళ్ళీ కొంచెం తగ్గించేవాణ్ణి. నా అంచనా ఏనాడూ పెద్దగా తప్పలేదు. మా ఆఫీసరు నా కాగితాలు చదవకుండానే సంతకం పెట్టేవారు, అంత నమ్మకం.

అప్పుడు నా పక్క బల్ల దగ్గరికి ఇతను వచ్చాడు. నాకన్నా చిన్నవాడు, నవ్వుముఖం, ఎవరినైనా మొదటి మాటలోనే అన్నా అనో అక్కా అనో పిలిచేస్తాడు. లెక్కలు వచ్చు గానీ లెక్కల దగ్గర కూర్చోడు. మైపాడు బస్సెక్కి పోయి వలలు బాగుచేసుకునేవాళ్ళ మధ్య కూర్చుని, కరెంటు వస్తే ఏం చేస్తారని అడిగి వచ్చేవాడు. ఏం వాడుతున్నారని నేను అడిగేవాణ్ణి, ఏం చేయాలనుకుంటున్నారని అతను అడిగేవాడు, అంతే తేడా. మా ఆవిడ చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారని తెలిసి, కుర్రవాడు మంచివాడని మామగారితో చెప్పింది నేనే. నా చేతులతో నేనే తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను.

మామగారిది వాకాడు వైపు. పెద్ద అల్లుణ్ణి కనుక చేపల పులుసులో తలకాయ నాకు వడ్డించడం ఆ ఇంట్లో మర్యాద. చిన్నల్లుడు వచ్చిన తరవాత మొదటి పండగకే ఆ తలకాయ అతని విస్తట్లోకి పోయింది. నాకు నడిమి ముక్క వేసి, ముళ్ళు లేకుండా ఉంటుందిలే నాయనా అన్నారు అత్తగారు. ఆమె ప్రేమగానే అన్నారు. నేను మాత్రం ఆ ముక్కలో ముల్లు వెతుక్కుంటూ తిన్నాను.

ఆ రోజుల్లోనే తీరం వెంట రొయ్యల గుంటలు మొదలయ్యాయి. సముద్రం పక్క మండలాలకు అంచనా వేసి ఇవ్వమని ఇద్దరికీ చెప్పారు, వేరువేరుగా. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చారు. ముందు నేను చదివాను. ఉన్న వాడకానికి కాస్త కలిపి, ఇప్పట్లో కొత్త సబ్‌స్టేషన్ అవసరంలేదని చెప్పాను. ఆయన తలాడించారు. తరవాత మా తోడల్లుడు లేచి నా అంకెకు దాదాపు రెట్టింపు చెప్పాడు. గదిలో ఎవరో నవ్వారు. పెద్ద ఆఫీసరు కళ్ళద్దాలు తీసి, అంత పెరుగుతుందని నీకెట్లా తెలుసయ్యా అని అడిగారు.

"తెలియదు సార్. ఆడ ఐసు లేక పట్టిన చేప పట్టినట్టే కుళ్ళిపోతా ఉండాది. కరెంటు ఇస్తే ఐసు ఫ్యాక్టరీ పెడతారు. ఇయ్యకపోతే పెట్టరు. అప్పుడు మా అన్న చెప్పిన అంకె కరెక్టే అవుతుంది," అన్నాడు.

నన్ను మెచ్చుకున్నాడో పొడిచాడో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు. పెద్ద ఆఫీసరు మాత్రం అతని అంకెకే ఒప్పుకున్నారు. సబ్‌స్టేషన్ వచ్చింది. ఇసుకలో స్తంభాలు పాతారు, లైన్లు లాగారు. ప్రారంభం నాడు మా మామగారు వాకాడు నుంచి బస్సులో వచ్చి, నా భుజం మీదుగా చూస్తూ, మా చిన్నల్లుడు కట్టించినాడని అందరికీ చెప్పుకున్నారు. నేను కుంకుమ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

తరవాత రొయ్యలకు తెగులు వచ్చిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. గుంటలకు గుంటలు ఖాళీ అయ్యాయి, మోటార్లు విప్పి ఇళ్ళకు మోసుకుపోయారు, గట్ల మీద గడ్డి మొలిచింది. మా తోడల్లుడి సబ్‌స్టేషన్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పనిలేక ఊరికే గుయ్‌మంటూ ఉండిపోయింది. ఏడాది చివర వాడకం చూస్తే నేను వేసిన అంకెకు వెంట్రుకవాసిలో ఉంది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మలైకాజా కట్టించుకుని వచ్చాను. ఏమిటి విశేషం అని మా ఆవిడ అడిగితే, ఊరికే, తినాలనిపించింది అన్నాను. తన చెల్లెలి మొగుడికి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చిందని అప్పటికి తనకు తెలియదు. తెలిసిన తరవాత ఆ మలైకాజా మాట మళ్ళీ ఎత్తలేదు, నావంక మాత్రం ఒకసారి చూసింది.

అతన్ని జిల్లా దాటించి ఎక్కడో మెట్ట ప్రాంతానికి బదిలీ చేశారు. వెళ్ళేముందు మామగారింటికి వచ్చాడు. తల దించుకుని ఉంటాడనుకున్నాను, చూద్దామనే నేను కూడా వెళ్ళాను. తన తప్పిన అంచనా గురించి తనే హాస్యంగా చెప్పి ఇల్లంతా నవ్వించాడు. అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ చేప తలకాయ మళ్ళీ అతనికే వేశారు.

ఆ వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పనిలేకుండా పడి ఉన్న ఆ ట్రాన్స్‌ఫార్మర్ను తీసి వేరేచోటికి మార్చవచ్చా అని చూసి రమ్మన్నారు. చూసి రావలసింది నేనే. దాన్ని కోవూరు వైపు మార్చాలని ఆలోచన. మా ఊళ్ళ వైపు కరెంటు అంతంతమాత్రం, వంతులవారీగా ఇచ్చేవాళ్ళు. అంటే నా సొంత మనుషులకు మేలు, తోడల్లుడి తప్పుకు శాశ్వతంగా ముద్ర. ఇంతకన్నా సుఖమైన ఉత్తర్వు నా సర్వీసులో రాలేదని చెప్పగలను. మైపాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, రాయబోయే రిపోర్టులో మొదటి వాక్యం మనసులో దిద్దుకుంటూ పోయాను.

సబ్‌స్టేషన్ చూసి బయటికి వస్తే, దాని అవతల చిన్న ఐసు ఫ్యాక్టరీ ఒకటి నడుస్తోంది. రొయ్యల గుంటలు పోయాయి గానీ ఇది ఉంది. దాని ముందు బుట్టలు దించుకుని కొందరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దామె నా చేతిలో ఫైలు చూసి లేచి వచ్చింది.

"ఈడికి కరెంటు తెప్పించిన సారువి నువ్వేనా నాయనా?" అంది.

కాదన్నాను. అది మా తోడల్లుడన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో ఆమెకెట్లా తెలుస్తుంది?

"షడ్డకుడివా! అయితే నువ్వూ మా మడిసివే. రా, నీడకి రా," అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి స్టూలు వేసింది. ఇదివరకు పడవలు ఒడ్డుకు వచ్చీ రాకముందే, కుళ్ళిపోతుందన్న భయంతో ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేసేవాళ్ళమనీ, ఇప్పుడు ఐసులో పెట్టుకుని నెల్లూరు బస్సుకు తామే తీసుకుపోతున్నామనీ చెప్పింది. నలుగురూ చేరి అతని క్షేమం అడిగారు. మెట్ట ప్రాంతంలో తిండి ఎట్లా ఉందో, చేపలు దొరుకుతాయో లేదో అని బాధపడ్డారు. వస్తుంటే ఎండుచేపలు పొట్లం కట్టి, అతనికి పంపమని నా చేతికిచ్చారు. నా జిల్లాలో, నా లెక్క నిజమైన చోట, నాకు ఒక్కరంటే ఒక్కరు పొట్లం కట్టి ఇచ్చిన పాపాన పోలేదు.

ఆ వారమే కోవూరు వెళితే మా పెద్దన్న పొలంలో కాలిపోయిన మోటారు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. వోల్టేజి చాలక అది కాలడం ఆ ఏడు రెండోసారి. నన్ను చూసి, "మన వైపుకి లెక్క రాసేది నువ్వే కదరా అబ్బయ్యా, కాస్త ఎక్కువ రాసుంటే నీ సొమ్మేం పొయ్యేది?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

అక్కడ గట్టు మీద కూర్చున్నప్పుడు మీటింగులో మా తోడల్లుడు అన్న మాట నాకు అర్థమైంది. నేను తక్కువ రాస్తాను, తక్కువ కరెంటు వస్తుంది, వచ్చినదాన్నే జనం వాడతారు, ఏడాది చివర నా అంకె సరిపోతుంది. సరిపోక ఏమవుతుంది? నా అంచనా నిజం కావడానికి మా అన్న మోటారు కాలుతూ ఉంది. మా తోడల్లుడి అంచనా తప్పింది, కానీ ఆ తప్పు కింద ఒక ఐసు ఫ్యాక్టరీ నడుస్తోంది. అర్థమైనందుకు అసూయ తగ్గాలి కదా. ఇంకా పెరిగింది. అంతవరకూ నాకు లేనిది అతని అదృష్టం మాత్రమే అనుకున్నాను.

రిపోర్టులో వాడకం ఎంత తక్కువో ఉన్నదున్నట్టు రాశాను. కానీ ట్రాన్స్‌ఫార్మర్ తీయవద్దని, కోవూరు వైపుకు కొత్తది వేరేగా మంజూరు చేయాలని రాశాను. మా వైపు అవసరాన్ని ఈసారి తగ్గించకుండా రాశాను. పైన గొణిగారు, కాగితాలు తిరిగివచ్చాయి, మళ్ళీ పంపాను. చివరికి అది అక్కడే ఉండిపోయింది. కోవూరుకు కొత్తది రావడానికి చాలాకాలం పట్టింది. అంతవరకూ మా అన్న నాతో ముక్తసరిగానే ఉన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ తీయవద్దని నేను రాసిన సంగతి ఎవరో చెబితే మా తోడల్లుడు సెలవు పెట్టి మా ఇంటికి వచ్చాడు. వరండాలో నిలబడే అడిగాడు.

"ఎందుకు ఉంచమని రాసినావన్నా?"

"లెక్క అట్ట వచ్చింది," అన్నాను.

అతను నవ్వలేదు. వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. వరండా నిండా జనం, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. కృతజ్ఞత చూపించడంలో కూడా నన్ను మించిపోయాడే అని ఆ క్షణాన నా కడుపు మండిన మాట నిజం.

తరవాతి కథ మీకు తెలిసిందే. కొత్త రకం రొయ్య వచ్చి గుంటలు మళ్ళీ నిండాయి, సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద థర్మల్ స్టేషన్లు లేచాయి, ఊరికే గుయ్‌మన్న ఆ ట్రాన్స్‌ఫార్మర్ చాలక పక్కన ఇంకొకటి పెట్టారు. అతను చెప్పిన అంకెను ఆ తీరం దాటిపోయింది, చెప్పిన గడువుకు ఎంతో ఆలస్యంగా. ఆలస్యాన్ని అందరూ మరిచిపోయారు, ముందుచూపు అన్నారు. గడువుకు సరిపోయిన నా అంకెలు ఏ బీరువాలో చెదలు తిన్నాయో.

ఇప్పుడు ఆ సెక్షనే లేదట. ఎంత కరెంటు కావాలో గంట గంటకూ కంప్యూటరే చెబుతుందట, ఎండ ఎంత కాస్తుందో, గాలి ఎటు వీస్తుందో కూడా లెక్కలోకి తీసుకుంటుందట. దేశం ఇంత పెరుగుతుందని టీవీలో చెబుతారు, కొన్నాళ్ళకు అంచనా సవరించామంటారు, ఇంకొన్నాళ్ళకు మళ్ళీ సవరిస్తారు. తప్పినందుకు మెమో అందుకునేవాడు కనబడడు, బదిలీ మీద పెట్టె సర్దుకునేవాడు కనబడడు, పక్క బల్ల దగ్గర లోలోపల సంబరపడేవాడూ కనబడడు. బస్సెక్కి పోయి, కరెంటు వస్తే నువ్వేం చేస్తావమ్మా అని అడిగేవాడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. మా కాలంలో అంకె వెనక ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి తప్పితే అవమానపడేవాడు, నెగ్గితే ఊరు చెప్పుకునేది. పక్కనే ఇంకొక మనిషి అతన్ని చూసి జీవితమంతా కుళ్ళుకునేవాడు. అట్లా కుళ్ళుకోవడానికైనా పక్క బల్ల దగ్గర అంతటివాడు ఒకడు ఉండాలి. నాకు ఉన్నాడు.