శుక్రవారం డీజిల్

మునాఫ్‌ది రాయచోటి. కువైట్‌లో ఒక సైనికాధికారి దగ్గర డ్రైవరు. అతని ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి, ఆ అధికారి చేతిలోనే ఉంది. ఎవరేమడిగినా ముందు ఎడమచేత్తో మెడ రుద్దుకుని, తర్వాత జవాబు చెబుతాడు. శుక్రవారం వస్తే అధికారినీ, ఆయన స్నేహితులనూ, వాళ్ల డేగలనూ మిలిటరీ జీపులో ఎడారికి వేటకు తీసుకుపోతాడు. డీజిల్ కూడా మిలిటరీదే. తిరిగొచ్చాక సీట్లకు అంటిన ఈకలూ నెత్తుటి మరకలూ తనే కడుగుతాడు.

ఈమధ్య తనిఖీకి వచ్చిన ప్రభుత్వ ఉద్యోగి అతన్ని నిలబెట్టి, "ఇది ప్రజల సొమ్ము. ఇంత డీజిల్ ఎక్కడికి పోయింది?" అని అడిగాడు. అధికారి పక్కనే ఉన్నాడు. మునాఫ్ మెడ రుద్దుకున్నాడు గానీ నోరు విప్పలేదు. దొంగతనం నింద పంపు దగ్గర డీజిల్ పోసే చిన్నపుల్లయ్య మీద పడింది. అతన్ని ఊరికి పంపేశారు. పోయే రోజు పుల్లయ్యే మునాఫ్ భుజం తట్టి, "నీ ఇఖామా ఆయప్ప చేతిలో ఉండాది గదా మునాఫ్ భాయ్, నువ్వు మాత్రం ఏం జేస్తావులే" అన్నాడు. మునాఫ్ తలెత్తలేకపోయాడు.

మరుసటి శుక్రవారం పంపు దగ్గర మదనపల్లె నుంచి కొత్తగా వచ్చిన మనిషి ఉన్నాడు. "యాడికన్నా ఇంత డీజిల్?" అని అడిగాడు. వెనక సీట్లో డేగ రెక్కలు విదిల్చింది.

"ట్రైనింగుకు" అన్నాడు మునాఫ్, అతని మొహం చూడకుండా.