రిబ్కమ్మ తీసిన నలుసు

మంథని చుట్టుపక్కల ఎవరి కంట్లో నలుసు పడ్డా రిబ్కమ్మ గడపే దిక్కు. నోరు పుక్కిలించి, ప్రభువును తలుచుకుని, రెప్ప విప్పి, నాలుక కొసతో ఇట్టే తీసేస్తుంది. పైసా ముట్టదు. పొగిడితే మాత్రం కాదనదు. పక్కింటిదాన్ని, ఆ గర్వం నాకు తెలుసు.

మొన్న కల్లంలో వడ్లు తూర్పారపడుతుంటే ఆమె పెనిమిటి మొగిలి కుడికంట్లో పొల్లు పడింది. ఎడమ కన్ను ఏనాడో తెల్లగా పువ్వు పూసి చూపు పోయింది. ఉన్నది ఆ ఒక్క కన్నే. రిబ్కమ్మ నలుసు తీసింది. అయినా, "ఇంకున్నదే, గుచ్చుతున్నది" అని మొగిలి గోల. మళ్లీ నాకింది. తెల్లారి మళ్లీ. కన్ను నిప్పు కణికైంది. చూడలేక నేనే ఇద్దర్నీ పెద్దపల్లి బస్సెక్కించి, వెంట పోయాను.

కంటి డాక్టరమ్మ జరిగిందంతా విని, రంగు చుక్క వేసి నీలి లైటు పెట్టింది. నల్లగుడ్డు మీద ఒకచోట ఆకుపచ్చగా మెరిసింది.

"నలుసు లేదు అవ్వా, పైపొర లేచిపోయింది. గా పొరల కణాలు సందు లేకుంట ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటయి. మురికిని లోపటికి రానియ్యవు. ఇప్పుడు అంచుల నుంచి జరుక్కుంట వచ్చి మళ్ల కలుస్తున్నయి. నువ్వు నాకినప్పుడల్ల కొత్తగ అతుక్కున్నయి ఊడుతున్నయి. పుండు ముదిరితే పువ్వే."

"మరి నలుసున్నదనే అంటుండు గద?" అంది రిబ్కమ్మ.

"పొర లేచిన కాడ రెప్ప రాసుకుంటది. గట్లనే అనిపిస్తది. ముట్టకుండ చుక్కల మందెయ్యి."

రిబ్కమ్మ మొహం పాలిపోయింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక నరకమే. "నీకు దండం పెడుత, ఒక్కసారి తియ్యే!" అని మొగిలి మొత్తుకున్నాడు. "ఊరందరికి తీస్తివి, నా తమ్మునికి తీస్తే నీ సొమ్మేం పోతది?" అని ఆడబిడ్డ భూమవ్వ దెప్పింది. రిబ్కమ్మ పళ్లు బిగబట్టి, అతను కన్ను నలుపుకోకుండా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ మాట తప్పైతే ఎట్లా అని నాకే భయమేసింది.

మళ్లీ చూపించినప్పుడు నీలి లైటు కింద ఎక్కడా మెరవలేదు. "కలిసిపోయినయి" అంది డాక్టరమ్మ.

మొగిలి సంబరపడ్డాడు. రిబ్కమ్మ మాత్రం బస్టాండులో కూలబడి ఏడ్చింది. "ఎడమ కన్నుకు గూడ గిట్లనే పొద్దుమాపు నాకిన. నేనే పోగొట్టిన."

బస్సొచ్చింది. మొగిలి ఉన్న ఒక్క కన్నూ చికిలించి బోర్డు చూశాడు.

"మంథనిదే. లే" అని ఆమె చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.