సెషన్‌లో ‘ఈడ’ అని రాసిందెవరు

ఇది ఒక మహాకావ్యం. పర్వాలు పర్వాలుగా చెప్పాల. నిజానికి ఒక కంప్యూటరు, ఒక పంపు, ఒక సోమవారం, అంతే. దయ్యాల్ని నేను ఎప్పుడూ నమ్మలేదు. హోసూరు బస్సులో సీటు దొరుకుతుందంటేనే నమ్మనివాణ్ణి.

రెండువేల మొదట్లో హోసూరు పక్కన మత్తిగిరిలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో చేరినాను. కరిగించిన ఇనుము అచ్చులో ఎట్లా చల్లారుతుందో కంప్యూటర్లో రంగుల బొమ్మగా చూపించే పని. ఎర్రగా మిగిలిన చోట లోపల బొక్క పడుతుంది. బొమ్మను ఏ పక్కకు తిప్పినాము, యాడ కోసి చూసినాము, అదంతా సెషన్ అని సేవ్ చేస్తే, మళ్ళీ తెరిచినప్పుడు ఉన్నది ఉన్నట్టు రావాల.

ఆ పంపు నా మొదటి పని. ఆ బొమ్మ చూసి పోసిన ఇనప పోత పగిలితే నన్ను ఉంచుకోరని మేనేజరు ముందే చెప్పినాడు. కోయంబత్తూరాయన, మర్యాదగానే చెప్పినాడు.

శనివారం సాయంత్రం పంపు ముందు వైపంతా చూసినాను. నీలంగా, చల్లగా ఉంది. సేవ్ చేసి, ఆఫీసుకు బీగం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని పోయినాను. ఆదివారమంతా కరెంటే లేదు.

సోమవారం పొద్దున మేనేజరు ముందరే తెరిచినాను. పంపు వెనక్కి తిరిగి ఉంది. మెడ దగ్గర అడ్డంగా కోసి, లోపల ఎర్రటి చుక్క. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఒక లేబులు: ‘ఆడ కాదు, ఈడ’.

ఇంగ్లీషు అక్షరాల్లో ‘కాదు’కూ ‘కాడు’కూ తేడా లేదు. మేనేజరు దాన్ని తమిళమనుకొని చదివినాడు. తమిళంలో ‘ఆడ’ అంటే ఆడేదానికి, ‘కాడు’ అంటే అడవి. “అడవిలో ఎవరప్పా ఆడేది?” అన్నాడు మేనేజరు.

నాకు నవ్వు రాలేదు. ‘ఆడ కాదప్పా, ఈడ’ అనేది మునియప్పన్న మాట. నాకు పని నేర్పించి, రెండు నెలల ముందు మానుకొని వేప్పనపల్లిలో మామిడితోట చూసుకునేదానికి పోయినాడు. ఫోన్ చేసినాను. దయ్యమైతే పద్ధతిగా చచ్చిపోయి ఉండాల గదా. ఈయన ఫోనెత్తి మామిడికాయ నములుతున్నాడు.

“అన్నా, నిన్న ఆఫీసు పక్క వచ్చినావా?”

“కాయలు కోసేదానికే మనుషులు లేరు, ఆడికి యాడ వస్తానప్పా. ఏం, పంపు మెడకాడ చూడలేదా?”

పంపు అని గానీ, మెడ అని గానీ నేను చెప్పనేలేదు.

“నీకెట్ల తెలుసన్నా?”

“ఏం తెలుసు?” అన్నాడు, నములుతూనే.

అచ్చు మార్చినాము. పోత పగల్లేదు, నా పని నిలిచింది. ఫైలు తేదీ చూస్తే శనివారం సాయంత్రం, నేను సేవ్ చేసిన టైమే. ఎవరు మార్చినారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఫైలు నా దగ్గరే ఉంది. పన్నెండు కేబీ. ఫ్లాపీలో పడుతుంది. అందులో బొమ్మను చూసిన కోణాలు, కోతలు, లేబుళ్ళే ఉంటాయి, పంపు డేటా ఉండదు. డేటా ఫోల్డరు వేరేగా కాపీ చేసుకోవాల.