భీమిలి దగ్గర ఆగే గాలి

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం ఒక్కటే లేదు, అభిప్రాయాలు మాత్రం దండిగా ఉండేవి. ఇంజనీరింగ్ అయ్యాక ఖాళీగా కూర్చుంటే పాడైపోతానని మా అమ్మ నన్ను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మావయ్య నడిపే బోటు తాళ్ల కొట్టుకు పంపింది. నేను ఒక్కణ్ణే వెళ్లలేదు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ నాతో కాపురం చేసిన పాత కంప్యూటర్‌ని కూడా ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. అందులో విండోస్ బదులు లినక్స్ ఉండేది. (ఊరికే వస్తుంది కాబట్టి పెట్టుకున్నానని ఇంట్లో చెప్పలేదు, మేధావులు వాడేది అదేనని చెప్పాను.)

కొట్టులో దానికి రెండే పనులు: పగలు బిల్లులు, సాయంత్రం గాలి బొమ్మ. గాలి బొమ్మంటే, రేపు సముద్రం మీద గాలి ఎటునుంచి వీస్తుందో రంగులతో, బాణాలతో చూపించే పటం. దాన్ని చూడ్డానికి బోట్లవాళ్లు మా కొట్టు ముందు చేరేవారు. వాళ్లలో పెద్దవాడు గాలి తాత. వేట మానేసి చాలా కాలమైనా గాలి గురించి మాట్లాడడం మానలేదు కాబట్టి ఆయనకా పేరు. కంప్యూటర్ ముసలిది, నెట్ నీరసమైనది కావడంతో పటం పైనుంచి కిందికి చారలు చారలుగా దిగేది. ముందు కళింగపట్నం, తర్వాత భీమిలి. అక్కడికొచ్చి ఆగిపోయేది. విశాఖ కనబడేలోపు అందరికీ ఒక టీ అయిపోయేది.

నాకది తలవంపులుగా ఉండేది. పైగా పగలు బిల్లు కోసం నిలబడ్డవాళ్లు విసుక్కుంటుంటే మావయ్య ఒకరోజు తేల్చి చెప్పేశాడు. "ఒరే అల్లుడూ, వేట నిసేదం అయిపోయేలోగా ఇది సరిగ్గా నడిత్తే సరి. నేదంటే పూర్ణా మార్కెట్ కాడ ఇనపసామాన్లోడికి తూకానికి ఇచ్చెత్తాను." నా మొదటి ప్రోగ్రాం రాసింది దాని మీదే. దాన్ని పాత రేకులతో కలిపి తక్కెట్లో వేయనిస్తానా?

చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు కట్టేసే ఆ వేసవంతా దానికి పథ్యం పెట్టాను. తెర హంగులు చూసుకునే బరువైన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ తీసేసి బక్కదాన్ని ఎక్కించాను. పెద్ద ఆఫీసు సాఫ్ట్‌వేర్ స్థానంలో కూడికలు, తీసివేతలు తప్ప ఇంకేమీ రాని చిన్నదాన్ని తెచ్చిపెట్టాను. కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఇంకా ఏం తగ్గించవచ్చా అన్న పిచ్చి పట్టుకుంది. తెర మీద సింహాద్రి అప్పన్న ఫొటో తీసేశాను (గోడ మీద ఒకటుంది కదా). గడియారం తీసేశాను (అదీ గోడ మీద ఉంది). ఆఖరికి ఉన్న బ్రౌజర్ పీకేసి, అక్షరాలు మాత్రమే చూపించే బ్రౌజర్ ఒకటి పెట్టాను. నొక్కడమే ఆలస్యం, పేజీ వచ్చి వాలేది. మావయ్య ఒక బిల్లు కొట్టి చూసి "బానే ఉందిరా" అన్నాడు. ఆయన నోటివెంట ఆ మాట రావడమంటే మాటలు కాదు.

నిషేధం ముగిసే రోజు దగ్గరపడింది. ఒక సాయంత్రం కొట్టు నిండిపోయింది. నేను పెళ్లికొడుకులా కూర్చుని గాలి పేజీ తెరిచాను. రెప్పపాటులో వచ్చేసింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, పటం ఉండాల్సిన చోట ఇక్కడొక బొమ్మ ఉందని చెప్పే చిన్న ముక్క.

"గాలేదిరా?" అన్నాడు తాత.

"ఇదిగో తాతా, రాసుంది. నైరుతి గాలి, ఓ మోస్తరు వేగం."

"అదేటి, అయిపోనాదా?"

"అయిపోయింది. ఎంత తొందరగా వచ్చిందో చూశావా?"

"బొమ్మయితే భీమిలి కాడ ఆగినప్పుడు నా మాట నాను సెప్పీవోణ్ణి. ఆనక బొమ్మది తప్పో నాది తప్పో దెబ్బలాడుకునీవోళ్లం. ఈ అచ్చరాలతో ఏటి దెబ్బలాడతాంరా" అంటూ తాత కండువా దులుపుకుని లేచాడు.

(ఎక్కువసార్లు తప్పు తాతదే. ఒప్పుకున్న పాపాన మాత్రం పోలేదు.) ఆయన వెనకే మిగతావాళ్లూ లేచారు. గాలి సంగతి వాళ్లకు హార్బర్ మైకులో ఎలాగూ తెలిసేది. మా కొట్టుకు వచ్చేది ఆ భీమిలి కోసమని నాకు అప్పటికి గానీ తెలిసిరాలేదు. ఖాళీ బెంచీల వైపు చూసి మావయ్య, "స్పీడు బాగుంది గానీ మనుసులే నేరు. రేపు ఇనపసామాన్లోణ్ణి రమ్మంటాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బొమ్మలు చూపించే బ్రౌజర్లలో అన్నిటికన్నా తేలికైనదాన్ని వెతికి పెట్టాను. అప్పన్న స్వామిని తిరిగి కూర్చోబెట్టాను. (గడియారం మాత్రం పెట్టలేదు, నాకూ కాస్త పౌరుషం ఉంటుంది కదా.) బిల్లులు చకచకా వచ్చాయి. నెట్ నీరసానికి మాత్రం నా దగ్గర మందు లేదు. సాయంత్రం ఇనపసామాన్లవాడు తోపుడు బండితో రానే వచ్చాడు. నేను బతిమాలి తాతను పిలుచుకొచ్చాను, ఆయన వెనకే మిగతావాళ్లూ వచ్చారు. పటం దిగడం మొదలైంది. కళింగపట్నం వచ్చింది. భీమిలి దగ్గర ఆగింది. నా ప్రాణం కూడా అక్కడే ఆగింది.

"దచ్చినం గాలి" అన్నాడు తాత, సర్దుకుని కూర్చుంటూ.

"కాదు తాతా, నైరుతి" అన్నాడు ఒక బోటు డ్రైవరు.

"నానైతే పడమర అంటాను" అంది వెనకనుంచి ఒక గొంతు. చూస్తే ఇనపసామాన్లవాడు, బండి రోడ్డు మీద వదిలేసి మెడ సాచి తెరకేసి చూస్తున్నాడు.

చివరి చార దిగింది. నైరుతి. "బొమ్మ తప్పు" అన్నాడు తాత ఎంతో తృప్తిగా. మావయ్య అందరికీ టీ చెప్పి, ఇనపసామాన్లవాడి చేతికి కూడా ఒక గ్లాసిచ్చి, "తూకం సంగతి రేపు సూద్దుం బావా" అన్నాడు. ఆ రేపు మళ్లీ రాలేదు. ఆ కంప్యూటర్ ఎప్పటికో తన మానాన తనే ఆగిపోయింది, మా కొట్టులోనే.

ఇప్పుడు మధురవాడలో ఒక ఆఫీసులో నా ఉద్యోగమేమిటంటే, వెబ్ పేజీలు త్వరగా తెరుచుకునేలా చేయడం. బాగానే చేస్తానంటారు. తాత ఇప్పుడు లేడు. ఒక్కోసారి ఇంటికెళ్తూ ఫోన్లో గాలి పటం తెరుస్తాను. తెరిచీ తెరవగానే మొత్తం వచ్చేస్తుంది కాబట్టి ముందే కింది సగం అరచేత్తో మూసేస్తాను. కళింగపట్నం చూసి, భీమిలి చూసి, మా వైపు గాలి ఏదో నాకు నేనే చెప్పుకుని అప్పుడు చెయ్యి తీస్తాను. ఎక్కువసార్లు బొమ్మే తప్పు.