తూకాలమ్మ బండి కొన్న రోజు

బజారులో ఆమెను తూకాలమ్మ అంటారు. కిరాణా కొట్టు బల్ల మీద ఉండే చిన్న కాటా దగ్గర్నుంచి గోదాముల్లో బస్తాలు తూచే పెద్ద ప్లాట్‌ఫాం కాటాల దాకా బాగుచెయ్యడం, సరిచూడడం ఆమె పని. ఆ లెక్కన భర్తను తూకాలయ్య అనాలి. కానీ ఎవరూ అనలేదు. పెళ్ళయిన నాటి నుంచీ వ్యాను నడిపిందీ, కాటాలు సరిచూడడానికి కావలసిన ఇనుప తూకపు రాళ్ళను ఎక్కించిందీ, దించిందీ ఆయనే. అందుకని ఆయనకు రాళ్ళాయన అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు. ఎవరైనా జాలి చూపిస్తేనే ఇంతెత్తున లేస్తాడు.

జాలి చూపించే అవకాశం జనానికి రెండేళ్ళ కిందట దొరికింది. ఆయన చూపు తగ్గడం మొదలైంది. గుంతలు కనపడనప్పుడు రోడ్లు వేసినవాళ్ళను తిట్టాడు. ఎదురుగా వచ్చే బండి మసగ్గా కనిపించినప్పుడు వ్యాను అద్దాన్ని అరిగిపోయేలా రుద్దాడు. చివరికి కంకర క్వారీ గేటు దగ్గర ఆగి ఉన్న ట్రాలీని గుద్దాక గానీ లోపం అద్దంలో లేదని ఒప్పుకోలేదు. కళ్ళ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: సూటిగా చూసిందల్లా మసకబారుతుంది, పక్కచూపు మాత్రం కొంత మిగులుతుంది, పోయిన చూపు తిరిగి రాదు, బండి నడపడం మానెయ్యండి. ఇంటికొచ్చి ఆయన వ్యాను తాళంచెవిని తలుపు పక్క మేకుకు తగిలించాడు.

ఆమె ఆ తాళంచెవి వంక చూసి చూసి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అక్కడ తనకు కూతుళ్ళయ్యే వయసు పిల్లలు స్టీరింగ్ తిప్పుతుంటే ఈమె కొంగు బిగించి వెనక సీట్లో తన వంతు కోసం కూర్చునేది. లైసెన్సు పరీక్ష మొదటిసారి పోయింది, రెండోసారీ పోయింది. మూడోసారి పరీక్ష పెట్టే ఆఫీసరే "వచ్చారా అమ్మా" అని పలకరించి, రివర్సు చేయించి, పాసు చేశాడు. ఈలోగా పాత వ్యాను తన దారి తాను చూసుకుంది. ఇంజను పట్టేసి తుక్కుకు వెళ్ళిపోయింది.

"ఇదంతా ఎందుకు వదినా? హాయిగా మూసేసి ఇంట్లో కూర్చోండి ఇద్దరూ," అన్నాడు మరిది. అతను బ్యాంకులో గుమాస్తా. భూమ్మీద ఉన్న ప్రతి విషయం గురించీ ఓ అభిప్రాయం ఉన్న మనిషి.

ఇంట్లో కూర్చోవడమే ఆమె భయం. పని పోతుందన్న దిగులు ఒక పాలైతే, భర్త కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోతాడన్న దిగులు మూడు పాళ్ళు. కళ్ళే గానీ ఆయన చేతులకేమీ కాలేదు. రాళ్ళు ఇప్పటికీ ఎత్తగలడు. కాటా కింద చెయ్యి పెట్టి ఏ బోల్టు వదులైందో తడిమి చెప్పగలడు. కాబట్టి బండి కొనాలి, తను నడపాలి, పక్కన ఆయన ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మిగతా రెండూ దండగని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

క్వారీ దారికీ గోదాముల వెనక గతుకులకీ చిన్న కార్లు నిలవవు. ఎస్‌యూవీయే కావాలి, అదీ వాడిందే కావాలి. ఊరి చివర పాత బండ్ల వ్యాపారి దగ్గర వాళ్ళకు అందేవి రెండు దొరికాయి. ఒకటి తెల్లది. ఎత్తుగా, వెడల్పుగా, గేటు దగ్గర్నుంచే రమ్మని పిలుస్తున్నట్టు ఉంది. రెండోది మట్టిరంగుది. కొంచెం పొట్టి, ముందు బంపరు మీద గీతలు, చూడగానే ఎవరూ మోజుపడని బండి. తెలిసిన మెకానిక్కు ముందురోజే వచ్చి రెండింటి ఇంజన్లూ చూసి, "రెండూ బాగానే ఉన్నాయి, ఇక మీ ఇష్టం" అని తప్పుకున్నాడు.

తూకాలమ్మ మాత్రం తన పద్ధతి వదల్లేదు. తూకపు రాళ్ళను ఆటోలో వేసుకుని మరీ వచ్చింది. కాటాను సరిచూసేటప్పుడు రాయిని ముందు నడిమధ్యన పెట్టి, తరవాత నాలుగు మూలల్లోనూ పెట్టి చూస్తారు. ఎక్కడ పెట్టినా ఒకే తూకం చూపిస్తేనే కాటా నిజం చెబుతున్నట్టు. రెండు బండ్ల వెనక భాగంలోనూ ఆమె అలాగే రాళ్ళు పెట్టించింది. పెట్టించిన ప్రతిసారీ నాలుగడుగులు వెనక్కి తప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, చక్రానికీ బాడీకీ మధ్య సందు ఎంత తగ్గిందో చూసింది. మూలకు పెట్టినప్పుడు మట్టిరంగుది కాస్త ఒరిగింది. తెల్లది ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది.

"చూశావా? నేను ముందే చెప్పాను, తెల్లదే," అన్నాడు రాళ్ళాయన. చాలా రోజుల తరవాత ఆయన మొహం వెలిగింది.

"తెల్లది తీసుకుంటే రేపు అమ్మినా మంచి ధర వస్తుంది," అన్నాడు తోడుగా వచ్చిన మరిది.

ఆమె కూడా సరే అనబోయింది. ఈలోగా వ్యాపారి హుషారుగా తెల్లదాని తాళంచెవి తీసి, "సార్, ఓ రౌండు వేసి రండి" అంటూ రాళ్ళాయన ముందు పెట్టాడు. పాపం, అతనికి సంగతి తెలీదు. ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళి, తాళంచెవికి బెత్తెడు పక్కన గాలిని పట్టుకుంది. మరిది ఉన్నట్టుండి టైర్లు చూడసాగాడు.

"ఇటివ్వండి, నడిపేది నేను," అని ఆమె తాళంచెవి లాక్కుంది.

ఆమె ఎక్కి కూర్చుంది. ఎదురుగా బానెట్టు తప్ప రోడ్డన్నది లేదు. క్లచ్చు తొక్కాలంటే సీటు అంచు దాకా జారాలి. మరిది వ్యాపారి ఆఫీసులోంచి కుర్చీ దిండు తెచ్చాడు. దిండు వేసుకుంటే రోడ్డు కనిపిస్తోంది, కాలు అందడం లేదు. దిండు తీస్తే కాలు అందుతోంది, రోడ్డు పోతోంది. సీటు ముందుకి లాగితే స్టీరింగు పొట్టకు గుచ్చుకుంటోంది. పొట్టివాళ్ళంటే ఆ బండి తయారుచేసినవాళ్ళకు ఏం పగో గాని, ఎటు సర్దినా కుదిరింది కాదు.

తను చేసిన పొరపాటు ఆమెకు అప్పుడు అర్థమైంది. తూచేవాళ్ళు కాటాకు ఆనుకోకూడదు, పక్కకు తప్పుకోవాలి. అది నేర్చుకున్న మొదటి పాఠం. ఆ అలవాటు కొద్దీ బండి చుట్టూ ప్రదక్షిణం చేసిందే గానీ ఎక్కి కూర్చోవాలన్న ఆలోచనే రాలేదు. అన్ని బరువులూ పెట్టి చూసిన మనిషి తనను తాను వదిలేసింది. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

దిగి, మట్టిరంగు బండి ఎక్కింది. కాళ్ళు అందాయి, రోడ్డు కనిపించింది, అద్దాల్లో వెనక గోడ కూడా కనిపించింది. గేటు దాటి రోడ్డు చివరి దాకా వెళ్ళి, మలుపు తిప్పుకుని, ఒక్కసారి కూడా ఇంజను ఆగిపోకుండా వెనక్కి తెచ్చి పెట్టింది. "ఇదే తీసుకుంటున్నాం," అంది దిగుతూనే.

ఆఫీసు ముందు కుర్చీలో కూర్చున్న రాళ్ళాయన మొహం మాడిపోయింది. "తెల్లది తీసుకుందాం. అలవాటైపోతుందిలే నీకు."

"అలవాటైతే కాళ్ళు పొడుగవుతాయా?"

"నా మాటకి విలువ లేదన్నమాట."

"ఉంది గనకే అడుగుతున్నా. ఆ తెల్లదాంట్లో ఏముందో ఒక్కటి చెప్పండి."

ఆయన చెప్పలేదు. తెల్లదే, తెల్లదే అని పట్టిన పట్టు విడవడం లేదు. ఆమెకు ఓపిక నశించింది. "మీకు డాబు కావాలి. నాకు దారి కనపడాలి. నలుగురూ పెద్ద బండి చూసి అబ్బా అనుకుంటే చాలా? గుద్దేస్తే ఎవరు దిక్కు?" అని అందరి ముందూ అనేసింది. మరిది టీ తెస్తానని మెల్లగా జారుకున్నాడు. రాళ్ళాయన లేచి యార్డులోకి నడిచాడు.

ఆమె ఆయన వదిలిన కుర్చీలో చూస్తూ కూర్చుంది. ఆయన తెల్ల బండి వైపు తిన్నగా వెళ్ళాడు. తడుముకోలేదు. చెయ్యి చాపితే తలుపు పిడి మీదే పడింది. తీశాడు, వేశాడు. తరవాత మట్టిరంగు బండి వైపు తిరిగాడు. యార్డు నేలంతా మట్టి, వెనక తుప్పుపట్టిన రేకుల షెడ్డు. ఆయన కాస్త తల పక్కకు వాల్చి, పక్కచూపుతో వెతుక్కుంటూ నడిచాడు. బండి ఎక్కడుందనుకున్నాడో గాని, సరాసరి వెళ్ళి దాని పక్క అద్దానికి భుజం కొట్టుకున్నాడు.

ఆమె పరుగున వెళ్ళింది. "తగిలిందా?"

"అది నాకు కనపడటం లేదే," అన్నాడు ఆయన భుజం రుద్దుకుంటూ, గొంతు తగ్గించి. "మట్టీ అదీ ఒక్కలాగే ఉన్నాయి. తెల్లదైతే అక్కడుందని తెలుస్తోంది. నా అంతట నేను వెళ్ళి ఎక్కగలను. ఇదైతే ఎక్కడికెళ్ళినా నువ్వొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. గోదాములో హమాలీలంతా నిలబడి చూస్తుంటే."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? రంగు కోసం పేచీ పెడుతున్నానని చెప్పనా?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఇందాక డాబు అన్నందుకు నాలుక కోసేసుకోవాలనిపించింది. కానీ ఏడుస్తూ కూర్చుంటే బండి రాదు. తెల్లది కొంటే తను నడపలేదు. ఇది కొంటే ఆయన ఓ నెల తన చెయ్యి పట్టుకుని నడుస్తాడు. ఆ తరవాత ఓ పూట నడుం నొప్పి అంటాడు, ఓ పూట ఎండ అంటాడు, చివరికి ఆ కిటికీ పక్క కుర్చీ ఆయన్ను మింగేస్తుంది. ఆయన సంగతి ఆమెకు తెలియనిదేం కాదు. అలా జరగనిచ్చేది లేదు.

"ఏమయ్యా, మీ దగ్గర రంగు వేసేవాళ్ళున్నారా?" అని వ్యాపారిని కేకేసింది.

"ఉన్నారమ్మా. మొత్తం తెల్లగా చేయించెయ్యమంటారా?"

"మొత్తం వద్దు. రోడ్డు మీద సగం బండ్లు తెల్లవే. ఈయన వెళ్ళి ఎవరి బండిలోనో కూర్చుంటే వాళ్ళు ఊరుకుంటారా? ఒక్క తలుపుకు వెయ్యండి చాలు."

టీ గ్లాసులతో వచ్చిన మరిది అక్కడే ఆగిపోయాడు. "ఒక్క తలుపా? జనం నవ్వుతారు వదినా! ఎక్కడో గుద్దేసి, తుక్కులోంచి తలుపు తెచ్చి తగిలించారనుకుంటారు."

"అనుకోనీ. వాళ్ళొచ్చి నా కాటాలు బాగుచేస్తారా?"

వ్యాపారి ఇంకా నమ్మలేనట్టు చూస్తూ, "ఏ తలుపుకమ్మా?" అన్నాడు.

ఆమె నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుంది. ఏ తలుపో ఆమెకు తెలుసు, మరిదికి తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ఆ మాట ఆమె అనకూడదు. "ఆయన్ను అడగండి," అంది.

రాళ్ళాయన ఒక చేత్తో బండిని తడుముతూ ముందుకు జరిగాడు. డ్రైవరు తలుపు పిడి మీద ఆయన వేళ్ళు ఆగాయి. ఇన్నేళ్ళూ ఆయన ఎక్కింది ఆ వైపు నుంచే. మరిది చేతిలో టీ చల్లారిపోతోంది. కాసేపటికి ఆయన పిడి వదిలేసి, బానెట్టు మీద చెయ్యి పెట్టుకుని, ముందు నుంచి చుట్టూ తిరిగి అవతలి వైపుకు వెళ్ళాడు.

"దీనికి వెయ్యి. డ్రైవరు పక్క సీటుది," అన్నాడు. "బాగా తెల్లగా వెయ్యి. పాలిపోయిన రంగు వేశావంటే ఒప్పుకోను."

మరుసటి వారం బండి చేతికొచ్చింది. మరిది చెప్పినట్టే జనం నవ్వారు. కిరాణా కొట్టాయన బయటికొచ్చి మరీ చూసి, "తూకాలమ్మా, రంగు చాల్లేదా?" అన్నాడు. "చాలింది, మీ నోటికి వెయ్యడానికి కూడా మిగిలింది," అని ఆమె లోపలికెళ్ళి అతని కాటా విప్పింది.

ఆ మధ్యాహ్నం గోదాము. పని ముగిసి బయటికి వచ్చేసరికి ఎండ కళ్ళు పొడుస్తోంది. హమాలీలు బస్తాల మీద కూర్చుని అన్నం తింటున్నారు. వాకిలికి అవతల, మట్టినేల మీద, మట్టిరంగు బండి. ఆమె చెయ్యి అలవాటుగా ఆయన మోచేతి కోసం వెళ్ళింది. అంతలోనే వెనక్కి తీసుకుంది. కాటా మీద రాయి పెట్టినప్పుడు చేసినట్టే నాలుగడుగులు వెనక్కి తప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఆయన కాస్త తల వాల్చి చూశాడు. తరవాత హమాలీల ముందు నుంచే నడిచి వెళ్ళి, తెల్ల తలుపు తీసి, ఎక్కి కూర్చుని వేసుకున్నాడు.

"వస్తావా, అక్కడే నిలబడతావా?" అని లోపలి నుంచి కేకేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళి బండి తీసింది.